నీటిగుర్రాల కుశలం అడిగే పెద్దాయన

టిబెండెరానా పెద్దాయనకు ఒకటే జబ్బు. ఎదురైన ప్రాణినల్లా పలకరించాలి. మనుషుల్ని పలకరిస్తే దాన్ని మర్యాద అంటారు. మా అంకోలే సీమలో అది లేనివాణ్ణి మనిషిగానే లెక్కవేయరు. ఈయన ఆ మర్యాదను నీటిగుర్రాలకూ, మొసళ్ళకూ, అడవిదున్నలకూ కూడా చెల్లించేవాడు. అదైనా నెమ్మదిగానా? ఆయన నోరు తెరిస్తే సరస్సు అవతలి ఒడ్డున మేస్తున్న జీబ్రాలు తలెత్తి చూసేవి. ఆదివారం ఆయన చర్చిలో పాడుతుంటే మైకు కట్టేసేవారు.

ఇంతకీ ఆయన ఉద్యోగం, మా పార్కుకు పక్షుల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళను పడవలో తిప్పడం. పక్షుల్ని చూడాలంటే ముందు నోరు మూసుకోవాలి. ఆ ముక్క తప్ప పడవ గురించి అన్నీ తెలుసు ఆయనకు. రేవులో రెండో పడవ నాది కాబట్టి ఈ భాగోతమంతా నేను పక్కనుంచే చూసేవాణ్ణి.

"అగాండి, బిహోగో!" అని పడవలో లేచి నిలబడి కేక పెట్టేవాడు. అగాండి అంటే ఏం సంగతులని అడగడం. బిహోగో ఆయన చిన్నప్పుడు వాళ్ళ మందలో ఉన్న ఎర్రావు. ఆ పేరు ఇప్పుడొక నీటిగుర్రానికి పెట్టుకున్నాడు. "అగాండి, బిహోగో! అత్తిచెట్టు కిందికి వచ్చావా? పిల్లదాన్నీ తెచ్చావా? తుంగలోకి పోతున్నావా? పో తల్లీ, పో!"

ఆ దెబ్బకు కొమ్మమీది లకుముకి పిట్ట కాస్తా ఎగిరిపోయేది.

"అయ్యో, ఎగిరిపోయిందయ్యా!" అనేవారు పడవలోని వాళ్ళు.

"పోనివ్వండమ్మా, సాయంత్రానికి ఇంటికొస్తుంది."

"మాకు సాయంత్రం దాకా టికెట్టు లేదు!"

మా సరస్సుకు దూరదేశాల నుంచి జనం వచ్చేది మాత్రం లకుముకి కోసం కాదు. ఎర్రకాళ్ళ పిట్ట అని ఒకటుంది. బాతులా ఈదుతుంది, నీళ్ళమీదికి వంగిన కొమ్మల చాటున దాక్కుంటుంది, ఎవరైనా దగ్గితే చాలు నీటిమీద పరుగు తీస్తుంది. దాన్ని చూపించిన పడవవాడికి రేవులో దొరికే గౌరవం పెళ్ళికొడుక్కి కూడా దొరకదు. పెద్దాయన ఇన్నేళ్ళలో దాన్ని చూడకపోలేదు. ఎప్పుడు చూసినా వెనకవైపే చూశాడు.

"దాని ముక్కు ఎలా ఉంటుంది?" అని ఒకామె అడిగింది.

"ముక్కు సంగతి నాకు తెలియదమ్మా. మేమెప్పుడూ ఎదురుపడలేదు. తోక చూపించండి, ఎక్కడున్నా గుర్తుపడతాను."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. పడవ కట్టేశాక మాత్రం నా పక్కన కూర్చుని, "ఒరేయ్ మ్వినే, ఒక్కసారైనా దాన్ని ముందునుంచి చూడాలిరా," అన్నాడు. "చూసి, పడవలో ఉన్నవాళ్ళకు చూపించాలి. ఫలానా టిబెండెరానా చూపించాడు అనిపించుకోవాలి."

"దానిదేముంది, నోటికి గుడ్డ కట్టుకోండి."

"అదొక్కటీ కుదరదులే," అని పక్కకు తిరిగాడు. ఆ మొహంలోని దిగులు ఇప్పటికీ నా కళ్ళముందు ఉంది.

ఆయన్ని చూసి నవ్వని మనిషి రేవంతటికీ ఒక్కతే, చేపలు వేయించి అమ్మే జోవియా. చేపల పల్లెలో ఆడవాళ్ళకు ఆమె పెద్దదిక్కు. పెద్దాయనకు ఎప్పుడూ నడుముముక్క వేసేది, మాకు తోక.

"ఇదేం న్యాయం జోవియక్కా? ఆయన పిట్టల్ని తరిమినందుకు బహుమానమా?"

"నువ్వూ అలా అరువు, నీకూ పెడతాను," అనేది మూకుడుమీంచి చూపు తిప్పకుండా.

చివరికి ఫిర్యాదులు అధికారి కెంబాబాజీ మేడమ్ దాకా పోయాయి. ఆవిడ చెడ్డది కాదు, పని విషయంలో మొహమాటం లేనిది. పెద్దాయన్ని పిలిపించింది.

"చూడండి పెద్దాయనా, ఎల్లుండి హాలెండు నుంచి ముసలి దంపతులు వస్తున్నారు. ఎర్రకాళ్ళ పిట్ట కోసమే వస్తున్నారు. మీ నోట ఒక్క అగాండి వచ్చిందంటే పడవ తాళం నాకిచ్చేసి గేటు దగ్గర డ్యూటీ చూసుకోండి."

"మరి నీటిగుర్రం ఎదురొస్తే?"

"తల ఊపండి."

"అడవిదున్న అయితే? అది పెద్దమనిషి మేడమ్."

"మ్వినే! నువ్వూ ఆ పడవ ఎక్కు. ఈయన నోరు నీ పూచీ," అంది నావైపు తిరిగి.

పడవ పోతే ఆయన ప్రాణం సగం పోయినట్టే. అందుకని ఆ ఉదయం ఆయన పడిన అవస్థ ఏం చెప్పను! పెదవులు బిగబట్టి, బుగ్గలు పూరించి, చుక్కాని పట్టుకు కూర్చున్నాడు. మొసలి కనిపిస్తే తల ఊపాడు. చేపగద్ద కనిపిస్తే తల ఊపాడు. ఒడ్డున అడవిదున్న కనిపిస్తే నడుము దాకా వంగి దండం పెట్టాడు. పాపం, ఆ హాలెండు ఆయన అది పద్ధతేమో అనుకుని తనూ టోపీ తీశాడు.

అత్తిచెట్టు దగ్గరికి వచ్చేసరికి మోటారు ఆపేశాం. వంగిన కొమ్మల కింద నీడ కదిలింది. ఎర్రకాళ్ళ పిట్ట! మాకు వీపు పెట్టి ఉంది. తీరిగ్గా ఈదుతూ మెడ ఇటు తిప్పబోతోంది. ముసలావిడ భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన కెమెరా ఎత్తాడు. పెద్దాయన కళ్ళు తడిసిపోయాయి. ఇంకొక్క క్షణం ఆగితే జన్మలో ఉన్న ఒక్క కోరికా తీరిపోయేది.

సరిగ్గా అప్పుడు నీళ్ళలో బుడగలు లేచాయి. బిహోగో, వెనకే పిల్ల, రెండూ మునిగి తుంగవైపు పోతున్నాయి. గాలి లేదు, అయినా తుంగ లోపలెక్కడో ఊగుతోంది. పెద్దాయన బుడగల్ని చూశాడు. పిట్టను చూశాడు. మళ్ళీ బుడగల్ని చూశాడు. నేను ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టేలోపే లేచి నిలబడ్డాడు.

"అగాండీ, బిహోగోఓఓ! పిల్లదాన్ని తీసుకుని తుంగలోకే పోతున్నావా తల్లీ?"

పిట్ట నీటిమీద ఒకటే పరుగు. కెమెరాకూ తోకే దక్కింది.

ఆ వెంటనే తుంగలోంచి గట్టిగా జవాబు వచ్చింది. "బాగున్నాం పెద్దాయనా! పోతున్నాం, పోతున్నాం!"

హాలెండు ఆయన కెమెరా ఒళ్ళో పడింది. "ఇప్పుడు... మాట్లాడింది... నీటిగుర్రమేనా?"

"మర్యాద తెలిసిన జంతువు బాబూ," అన్నాడు పెద్దాయన, కళ్ళు తుడుచుకుంటూ.

నేను మాత్రం ఒడ్డువైపు చూశాను. తలమీద తుంగకట్టలతో ఆడవాళ్ళు గబగబా గట్టెక్కుతున్నారు. చివర్న జోవియా. వాళ్ళు అటు ఎక్కారో లేదో, ఇటు వాళ్ళు నిలబడ్డ చోటే తుంగను చీల్చుకుని బిహోగో తల లేచింది. ఆ తుంగలో నిలబడ్డవాళ్ళకు నీళ్ళు కనిపించవు, పడవలో ఉన్నవాడికే కనిపిస్తాయి. ఇన్నేళ్ళుగా ఆయన అడుగుతున్న కుశలప్రశ్నలన్నీ నీటిగుర్రం ఎక్కడుందో, ఎటు పోతోందో వాళ్ళకు చెప్పడానికే.

రేవుకు వచ్చాక పక్కకు లాగి అడిగాను. "ఈ ఒక్క రోజైనా రావద్దని వాళ్ళకు చెప్పొచ్చు కదా?"

"నిన్ననే చెప్పానురా. సంతకు అల్లే తుంగచాపలు తక్కువయ్యాయట. వింటేగా!"

"పోనీ మేడమ్‌కైనా చెప్పండి."

"ఏమని చెప్పను? పార్కులో తుంగ కోయకూడదు. తెలిశాక ఆవిడ ఊరుకుంటే ఆవిడ ఉద్యోగం పోతుంది, ఊరుకోకపోతే వీళ్ళ చాపలు పోతాయి. జోవియా తోడబుట్టినదాన్ని నీటిగుర్రం పొట్టన పెట్టుకుంది ఆ తుంగలోనే. అయినా వీళ్ళు మానలేదు, మానితే తిండి లేదు. నాకేదో పిచ్చి ఉందనుకుంటే ఎవరికీ గొడవ ఉండదు. నువ్వూ నోరు మెదపకు."

లోకానికంతటికీ అగాండి చెప్పే మనిషి నన్ను నోరు మెదపవద్దన్నాడు. పడవ తాళం తీసుకెళ్ళి మేడమ్ బల్లమీద పెట్టాడు. ఆవిడే చిన్నబుచ్చుకుంది గానీ మాటంటే మాటే.

ఆ తర్వాత రేవు మూగబోయింది. పక్షులు నిండుగా కనిపించాయి, వచ్చినవాళ్ళు మెచ్చుకున్నారు, నాకు మాత్రం నీళ్ళమీద ఏదో వెలితి. అంత మనిషి గేటు దగ్గర తాడు ఎత్తుతూ దించుతూ నిలబడేవాడు. అక్కడా జబ్బు మానలేదనుకోండి. డ్రైవరునూ, వెనక కూర్చున్నవాళ్ళనూ, డిక్కీలో మేక ఉంటే మేకనూ పలకరించేవాడు. బండ్లు బారులు తీరేవి.

ఇక తుంగ సంగతి అంటారా? ఎవరో ఒకరు అరవాలి కదా. నేనే మొదలుపెట్టాను. గొంతు ఆయనలా లేదు, మొదటిరోజు నా అగాండికి ఒక కొంగ మాత్రం కొంచెం జరిగింది. అయినా మధ్యాహ్నం జోవియక్క నా కంచంలో నడుముముక్క పడేసింది. మేడమ్ తల పట్టుకుంది. "నీకూ అంటుకుందా మ్వినే?" అంది. ఎందుకో, తాళం మాత్రం అడగలేదు.

గేటు పనిలో ఆయనకు మొదటిసారి ఆదివారం సెలవు దొరికింది. చర్చి ఎగ్గొట్టించి పడవ ఎక్కించాను. ఆ రోజు చర్చిలో మైకు పెట్టుకోవలసి వచ్చిందట. పల్లె ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు, తుంగలో ఒక్క మనిషీ లేరు. "ఇవాళ ఎవరి బెంగా లేదు, కడుపునిండా చూడండి," అన్నాను.

అత్తిచెట్టు కింద చాలాసేపు ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. పిట్ట వచ్చింది. వీపు మావైపు. మెల్లగా తిరుగుతోంది. ముక్కు కొస ఎర్రగా కనిపించీ కనిపించకుండా ఉంది. బుడగలు లేచాయి.

"అగాండి, బిహోగో!"

మళ్ళీ తోకే.

"అదేమిటి పెద్దాయనా!" నాకు ఏడుపొక్కటే తక్కువ. "తుంగలో ఎవరూ లేరని చెప్పానుగా!"

"కొత్తవాళ్ళెవరైనా వచ్చి ఉంటే?" అన్నాడు, పారిపోతున్న ఆ ఎర్రకాళ్ళకేసే ఆశగా చూస్తూ.

తుంగలోంచి ఎవరూ పలకలేదు. కాసేపటికి బిహోగోయే నీళ్ళలోంచి తల ఎత్తి, చెవులు విదిలించి, మా బట్టలు తడిసేలా ఒక్క బుస కొట్టింది.

"బాగుందట," అని పెద్దాయన నిమ్మళంగా కూర్చున్నాడు.