హెడ్‌ఫోన్లలోంచి ‘బావా’ అని పిలిచినావిడ

పందొమ్మిది వందల ఎనభై ఒకటి, ఆగస్టు రెండో తారీకు, ఆదివారం, పగలు పదకొండుంపావు. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు గానీ గడియారం చూడడం వచ్చు. సరిగ్గా పదకొండింటికి కరెంటు పోయింది కాబట్టి వేళ బాగా గుర్తుంది.

దెయ్యాలని నేను నమ్మను. అప్పుడూ నమ్మలేదు. మా ఊళ్ళో ఎవరికైనా గాలి సోకిందంటే, ఆ మనిషికి నాలుగు పనులు చెప్పండి, అదే పోతుంది అనేదాన్ని. నలభై దాటాక పెద్దవాళ్ళ బడిలో నేర్చుకున్న అక్షరాలతో ఇది రాస్తున్నాను. రాతలో తప్పులుంటే మీరే సర్దుకోండి. జరిగినదాంట్లో మాత్రం తప్పు లేదు.

మా ఆయన పేరు సన్యాసిరావు. పేరుకే సన్యాసి. రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసేవాడు. విశాఖపట్నం పాత టౌన్లో అద్దె ఇల్లు. వీధి గది ఆయన కొట్టు, వెనక గదీ వంటిల్లూ మా కాపురం. ఓడల మీద పనిచేసేవాళ్ళు పాడైన సామాను ఆయన దగ్గరికి తెచ్చేవారు.

అలా ఒక ఓడ ఆఫీసరు ఒక జత హెడ్‌ఫోన్లు ఇచ్చి వెళ్ళాడు. కుడి చెవి సరిగ్గా పలకడం లేదన్నాడు. అవి బాగయ్యేలోపు ఓడ వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చినప్పుడు తీసుకుంటానని కబురు పంపాడు. ఆ ఆఫీసరు మళ్ళీ రాలేదు. అవి మా ఇంట్లో ఉండిపోయాయి.

అవి మామూలువి కావు. ఎలక్ట్రోస్టాటిక్ అనేవాడు మా ఆయన. అయస్కాంతం ఉండదు, తీగచుట్ట ఉండదు. చిల్లుల రేకులు రెండు, మధ్యలో ఉల్లిపొర కంటే పల్చటి పొర ఒకటి. విడిగా ఒక ఇనప పెట్టె. ఆ పెట్టెలోంచి వందల వోల్టుల కరెంటు వస్తేనే ఆ పొర వణికి పాడుతుంది. పెట్టె లేకపోతే అవి ఒట్టి డొప్పలు.

ఆ పొరకి దుమ్ము పడదు. చెమ్మ పడదు. ఉప్పుగాలి అసలే పడదు. మా ఊళ్ళో ఉన్నవన్నీ అవే.

ఇక మొదలైంది సేవ. మిఠాయి కొట్టు వాళ్ళు వద్దనుకున్న అద్దాల బీరువా తెచ్చి, వీధిలో పోయేవాళ్ళకి కనపడేట్టు పెట్టాడు. చెమ్మ చేరకుండా లోపల రాత్రీ పగలూ బల్బు. మనిషి తలంత కొయ్య దిమ్మ చెక్కి దానికి వాటిని తొడిగాడు. పైన కప్పడానికి నూగు రాలని పాతబట్ట కావాలని నా పెళ్ళినాటి మధుపర్కం చీర కొంగు కత్తిరించాడు. అడగనైనా అడగలేదు.

చెమ్మ పీల్చడానికి వేయించిన బియ్యం మూటలు కట్టి పెట్టాలి. వేయించేది నేను. మేము నూకలు వండుకున్న రోజులు ఉన్నాయి గానీ దానికి మాత్రం మంచి బియ్యమే.

అన్నిటికంటే నాకు మండింది నూనె దగ్గర. ఆదివారం వస్తే ఆయన తలకి నూనె పెట్టి మర్దనా చేసేది నేను. పెళ్ళయినప్పటి నుంచి ఆ కాసేపూ ఆయన నా చేతిలో ఉండేవాడు. హెడ్‌ఫోన్ల మెత్తటి చెవి దిండ్లకి నూనె అంటుతుందని అది మానేశాడు.

“ఒద్దులేవే, దానికి పడదు” అన్నాడు.

నాకు పడుతుందో లేదో ఎవరడిగారు?

కుడి చెవి విప్పి, ఊపిరి బిగబట్టి లోపలి దుమ్ము తీసి, పొరని మళ్ళీ బిగించాడు. బాగైంది. బాగయ్యాక పరీక్ష పేరు చెప్పి రోజూ తగిలించుకుని కూర్చునేవాడు. కళ్ళు మూసుకుని నవ్వుకునేవాడు. నవ్వితే పాటకి నవ్వాడని సరిపెట్టుకున్నాను. ఒకరోజు “ఊఁ” అన్నాడు. పాటకి ఎవరైనా ఊఁ అంటారా? అవతల మనిషి ఏదో అడిగితే అంటారు.

ఎవరో ఆడది ఉందనుకున్నాను. ఫోను తీగలో అవతల మనుషులుంటారు కదా, ఇందులో ఎందుకుండరు? జాలరిపేట నుంచి చేపలు తెచ్చే నూకాలుకి చెబితే పకపకా నవ్వింది.

“సంద్రం అవతల దొరసాని మాటాడతందేమోనమ్మా! నీ మొగుడికి ఇంగిలీసు వొచ్చేటి?”

“రాదు.”

“మరేటి బయం? ఆవిడ సెప్పింది ఈయనకి తెల్దు, ఈయన సెప్పింది ఆవిడకి తెల్దు.”

నాకు నవ్వు రాలేదు. ఆ ఆదివారం పొద్దున్నే నా ట్రంకుపెట్టె సర్దేసుకున్నాను. సాయంత్రంలోగా ఆ ఆడదెవరో తేలాలి. ఉందని తేలితే విజయనగరం బస్సెక్కి మా అయ్య దగ్గరికి పోవాలి, తిరిగి రాకూడదు. అంతవరకూ వచ్చేసింది నాకు.

ఆయన పొద్దున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాడు, ఎవరిదో బోటులో రేడియో పలకడం లేదంటే. ఇంట్లో నేనూ, ఆయన చెల్లెలు సింహాచలమూ ఉన్నాం. మా ఆయన నాకు మేనత్త కొడుకే. అంచేత సింహాచలమూ నేనూ ఒకే వీధిలో ఆడుకుంటూ పెరిగాం. తను బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నూకాలు గంప దించి గుమ్మంలో కూర్చుంది.

కరెంటు పోయింది. బీరువాలో బల్బు ఆరింది. బల్బు ఆరితే హెడ్‌ఫోన్లు తీసి, బియ్యం మూటలున్న రేకు డబ్బాలో పెట్టి మూత వేయాలని ఆయన ఆజ్ఞ. “చంటిపిల్లని ఎత్తినట్టు ఎత్తు” అనేవాడు. అలాగే ఎత్తాను. ప్లగ్గు నా చేతిలోనే ఉంది. ఇనప పెట్టె అవతలి బల్ల మీద ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఉన్నా ఊళ్ళో కరెంటు లేదు.

తలకి పెట్టుకున్నాను.

ముందు ఏమీ లేదు. తర్వాత పొర సన్నగా చిటపటలాడింది. తర్వాత ఆడమనిషి.

“బావా, ఓపాలి ఇటు సూడు.”

అంతే. కాస్త ఆగి మళ్ళీ అదే. కోపం లేదు, ఏడుపు లేదు. నవ్వు కలిపిన గొంతు. కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళ గొంతు అలా ఉంటుంది.

నా ఒళ్ళు మండింది. భయం కాదు, కోపం. దొరసాని కాదు. మా వైపు మనిషే. బావా అంటోంది, అంటే వరసైనదే!

ఆ పిలుపు నాది. చిన్నప్పటి నుంచి ఆయన్ని నేను బావా అనే పిలిచాను, పెళ్ళయ్యాకా అలాగే పిలిచాను. పట్నం వచ్చాక మా ఇంటి ఓనరమ్మ నాకు బుద్ధి చెప్పింది. వాళ్ళది కృష్ణా జిల్లా, భర్తకి పోర్టులో ఉద్యోగం. “మొగుణ్ణి పట్టుకుని నలుగుర్లో బావా ఏంటమ్మాయ్, నవ్వుతారు. ఏవండీ అనాలి” అంది. సరేనని మానేశాను. ఎందుకు మానేశావని ఆయన ఎన్నడూ అడగలేదు. అప్పటికి అలా ఎనిమిదేళ్ళు.

హెడ్‌ఫోన్లు తీసి సింహాచలం తలకి పెట్టాను. అది విని, నా మొహంలోకి చూసి నవ్వింది.

“ఏటొదినా, ఇది నీ గొంతే గదా!”

“నాది కాదు.”

“నీదే. సిన్నప్పట్నించీ ఇంటన్నాను, నాకు తెల్దేటి? కొత్తల్లో అన్నని ఇలాగే పిలిసీదానివి.”

నూకాలు చేతులు చీరకి తుడుచుకుని తనూ పెట్టుకుంది. చాలాసేపు విన్నది.

“నీ గొంతే తల్లీ. కాకపోతే నువ్వింత ముద్దుగా మాటాడగా నానెప్పుడూ ఇన్లేదు.”

చీర చెంగు నోట్లో కుక్కుకుని మళ్ళీ నేను పెట్టుకున్నాను. నా నోరు మూసే ఉంది. అది పిలుస్తూనే ఉంది.

అప్పుడే ఆయన గుమ్మంలోకి వచ్చాడు. మొదట చూసింది నన్ను కాదు, నా జుట్టుని.

“ఓసి నీ... నూనె తల మీదేటే అది!”

“ఎవత్తది?” అన్నాను. ఏవండీ లేదు, గీవండీ లేదు.

“ఎవత్తేటి?”

“పెట్టుకుని ఇనండి. తెలుస్తాది.”

“కరెంటు లేదు, పెట్టి లేదు. ఏటినబడతాదే దీన్లో?” అంటూనే అందుకుని తలకి పెట్టుకున్నాడు.

ఆయన ముఖం బీరువా వైపు ఉంది. నేను ఆయనకి వెనకగా, తలుపు వార ఉన్నాను. తర్వాత నెమ్మదిగా తల తిప్పి నన్ను చూశాడు. అలా నన్ను చూసి ఎన్నేళ్ళయిందో నాకు తెలియదు.

“ఏటినబడింది, అన్నా?” అని సింహాచలం అడిగింది.

“ఏటీ లేదు.”

ఏమీ వినపడకపోతే నా వైపు ఎందుకు తిరిగారని అడిగాను. నేను రోజూ ఆయన ఎదటే తిరిగాను, అన్నం పెట్టాను, దాని బియ్యం వేయించాను. ఆవిడ ఒక్కసారి చూడమంటే తిరిగి చూశాడు.

ట్రంకుపెట్టె తెచ్చి గుమ్మంలో పెట్టాను. “అదుంటే నానుండను” అన్నాను.

ఆయన వాదించలేదు. ఆ మధ్యాహ్నమే వాటిని గుడ్డలో చుట్టి, ఆ ఓడ తాలూకు ఏజెంటు ఇంటికి తీసుకెళ్ళి ఇచ్చేసి వచ్చాడు. వచ్చి నా ముందు పీట వేసుకుని, నూనె పెట్టమని తల వంచాడు. పెట్టాను. కాస్త గట్టిగానే పెట్టాను.

ఇకనుంచైనా బావా అని పిలవమని సింహాచలం పోరింది. పిలవలేదు. ఆవిడ వాడుకున్న మాట నాకెందుకు? ఆయన పోయేదాకా ఏవండీ అనే అన్నాను.

ఓనరమ్మ భర్తకి పోర్టులో కరెంటు పనే. ఆయన అంతా విని, ఆ పొరలో కరెంటు కొంతసేపు నిలవుంటుంది, గదిలో మీరు మాట్లాడిన మాటలే అందులోంచి వినపడి ఉంటాయి అన్నాడు. అయ్యుండొచ్చు. చదువుకున్నాయన. కానీ ఆ గదిలో ఆ మాట ఎవరన్నారు? నేను మానేసిన నాటికి ఆ హెడ్‌ఫోన్లు మా ఇంటికి రానేలేదు. మరి ఆ మాటని ఆ పొర ఎక్కడ దాచుకుంది?

నాకు ఇప్పటికీ తెలియదు. తెలియనిదానికి దెయ్యమని పేరు పెట్టను. మా ఆయన ఉన్నన్నాళ్ళూ అడిగాను, ఆయన చెప్పలేదు. చెప్పకుండానే పోయాడు. ఆ కోపం ఒకటి ఉంది నాకు ఆవిడ మీద.

ఆ రోజు అక్కడున్నవాళ్ళ పేర్లు రాస్తున్నాను. మా ఆయన సన్యాసిరావు. ఆయన చెల్లెలు సింహాచలం. జాలరిపేట నూకాలు. నేను, పైడమ్మని. ఇంకొకావిడ కూడా ఉంది. ఆవిడ పేరూ అదేనని సింహాచలం, నూకాలు ఇప్పటికీ అంటారు. ఆ పేరు రెండోసారి నేను రాయను.