మస్తాన్‌బీ వేలిముద్ర

నాలుగేళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. అన్నం ముందు కూర్చున్నా అదే, పేపరు తిరగేస్తున్నా అదే. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి. నరసరావుపేటలో ముప్పై ఏళ్ళు పిల్లలకు బోటనీ చెప్పిన మనిషి అనుకోండి, చాలు.

రిటైరయ్యాక నాకు ఒక పని వచ్చింది. నూజెండ్ల వైపు ఒక కొండ మీద ఒక ఫ్యాక్టరీ వాళ్ళు చెట్లు పెంచుతున్నారు. తమ పొగనంతా ఆ చెట్లు పీల్చుకుంటాయనీ, కాబట్టి తమది కార్బన్ న్యూట్రల్ ఫ్యాక్టరీ అనీ సర్టిఫికెట్ అడిగారు. ఇచ్చే సంస్థ ఊరికే ఇవ్వదు. ఫ్యాక్టరీతో గానీ తమతో గానీ సంబంధం లేని నిపుణుడొకడు వెళ్ళి, చూసి, రాయాలి. ఆ స్వతంత్ర నిపుణుణ్ణి నేనే. ఆ ముక్క విజిటింగ్ కార్డు మీద వేయించుకున్నాను కూడా. నవ్వుకోండి.

పద్ధతి సులువు. కొండను నూరు ముక్కలు చేసి నంబర్లు ఇచ్చారు. నిపుణుడు కొండ దగ్గరికి వెళ్ళాకే చీటీలు తీయాలి. వచ్చిన పది ముక్కల్లో బతికిన మొక్కల్ని కొలిచి, దాన్నిబట్టి కొండంతటికీ లెక్క కట్టాలి. ఏ పది వస్తాయో ముందుగా ఎవరికీ తెలియకూడదు. మొత్తం నమ్మకం ఆ చీటీల మీదే ఉంది.

నేను నాలుగు రోజుల ముందే ఇంట్లో కూర్చుని చీటీలు తీశాను. తీసి, నంబర్లు ఫోన్లో శ్రీనుకు చెప్పాను. శ్రీను నా పాత విద్యార్థి, ఆ ఫ్యాక్టరీలో మొక్కల పని చూసేవాడు. నా మోకాళ్ళకు ఇబ్బంది కదా, కంప కొట్టించి దారి చేయిస్తానన్నాడు. మా కాలేజీల్లో ప్రాక్టికల్ పరీక్షకు బయటి ఎగ్జామినర్ వస్తే ఎలా ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. ఆయనకు మంచి భోజనం పెడతాం, ఆయన చీటీలు పంచుతాడు, ఏ చీటీలో ఏముందో పిల్లలకు ముందే కాస్త తెలిసి ఉంటుంది, అందరూ పాసవుతారు. ఇన్నేళ్ళూ ఆ మర్యాదలోనే బతికినవాణ్ణి, కొండకు కూడా అదే మర్యాద పట్టుకెళ్ళాను. నిజంగా దారి కోసమే చెప్పానా? ఏమో. ఆ ప్రశ్న అడుక్కోకుండా ఉండటానికి నా మోకాళ్ళు బాగా అక్కరకొచ్చాయి.

వెళ్ళిన రోజు ఎండ మండిపోతోంది. శ్రీను కింద జీపు దగ్గరే ఉండిపోయాడు. నా వెంట మస్తాన్‌బీ కొండెక్కింది. కింది ఊళ్ళో మేకలు కాసుకునే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. మొక్కల కోసమని మూడేళ్ళుగా ఆ ఊరి మేకల్ని కొండ మీదికి రానివ్వడం లేదు. రిపోర్టులో ‘స్థానికులు చెప్పింది’ అని ఒక గడి ఉంటుంది, దాని కింద ఊరి తరఫున ఒకరు సంతకమో వేలిముద్రో వేయాలి. ఎవరికీ జంకదని ఊరివాళ్ళు ఆమెను పంపారు.

మొదటి ముక్కలో కానుగ మొక్కలు పచ్చగా, నడుమెత్తున ఉన్నాయి. టేపు చుట్టడానికి ఒకదాన్ని పట్టుకుని కాస్త వంచాను. అది చేతిలోకి వచ్చేసింది. వేళ్ళకు నర్సరీ నల్ల కవరు అలాగే ఉంది. కవరు చింపే తీరిక కూడా వాళ్ళకు దొరకలేదు.

మస్తాన్‌బీ మొక్కను చూసింది, నన్ను చూసింది.

“మొన్న ట్రాక్టర్లో తెచ్చి పెట్టారు సార్, ఈ పది చోట్లే. పక్కకొచ్చి చూడండి, కొండంతా ఎండు పుల్లలే. మేకలు తింటయ్యని మమ్మల్ని ఆపారు గానీ, తినేదానికి ఈడ ఏముంది?”

నేను పక్కకు వెళ్ళి చూడలేదు. నిలబడ్డ చోటి నుంచే కనబడుతోంది.

దాచకుండా చెబుతాను, నాకు భయమేసింది. ఫ్యాక్టరీ అంటే కాదు. ఈ సంగతి రాస్తే సంస్థవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, ఈ పది ముక్కలే వస్తాయని వాళ్ళకు ముందే ఎలా తెలిసిందని. దానికి జవాబు నా ఫోన్లో ఉంది. ఆ మొక్కను కవరుతో సహా మళ్ళీ గుంటలో పెట్టాను. చుట్టూ మట్టి లాగి చెప్పుకాలితో తొక్కాను. బోటనీ చెప్పినవాణ్ణి. తర్వాత టేపు చుట్టి కొలత రాసుకున్నాను.

పదో ముక్క కూడా అయ్యాక ఒక రాయి మీద కూర్చుని ఆ గడి నింపాను. మొక్కలు బాగున్నాయి, ఊరివాళ్ళకు అభ్యంతరం లేదు అని ఇంగ్లీషులో రాశాను. స్టాంపు ప్యాడు తీసి ముందు పెట్టాను. ఆమె బొటనవేలు ఆనించబోయి ఆగింది.

“నేను చెప్పింది రాశారా సార్?”

“రాశానమ్మా.”

“మేకల సంగతి గూడా?”

“అది కూడా.”

ఆమె వేలు గట్టిగా అద్ది, కొంగుకు తుడుచుకుంది. దిగేటప్పుడు నా మోకాళ్ళు చూసి చెయ్యందించింది. పట్టుకున్నాను.

సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని చూపించి కొండను ఇంకో పదేళ్ళకు మూసేశారు. ఊరివాళ్ళు గేటు దగ్గరికి వెళ్ళి అడిగితే, మీ మనిషే ఒప్పుకుందని ఆ కాగితం చదివి వినిపించారట. ఆ రోజు నుంచి మస్తాన్‌బీ అమ్ముడుపోయిందని ఊళ్ళో అనుకున్నారు. సొంత మరిది కూడా మాట మానేశాడు.

ఇదంతా ఆమే చెప్పింది, పోయిన నెల వినుకొండ బస్టాండులో. మేకల్ని అమ్మేసి అక్కడ ఒక టిఫిన్ బండి దగ్గర గిన్నెలు కడుగుతోంది. నేను చూడనట్టు పోదామనుకున్నాను. ఆమే గుర్తుపట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చి, మోకాళ్ళెలా ఉన్నాయని అడిగింది. అన్నీ చెప్పుకొచ్చి చివర్లో ఒక మాట అంది.

“మీరు సక్రంగానే రాశారు సార్, నాకు తెల్సు. తర్వాత వాళ్ళే కాయితం మార్చుంటారు. మీరొక్కసారి మా ఊరొచ్చి చెప్తే నమ్ముతారు.”

చూద్దామమ్మా అన్నాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

తిట్టి ఉంటే ఎంత బాగుండేది. ఊరంతా తనను నమ్మకపోయినా ఆమె మాత్రం నన్ను నమ్ముతూనే ఉంది, నాకు అది భరించడం చేతకావడం లేదు. ఆ ఊరు వెళ్తానా? వెళ్ళాలనే ఉంది. కానీ ‘రాశానమ్మా’ అన్నది కూడా ఈ నోరే కదా, ఇప్పుడు వెళ్తానంటే మీరెందుకు నమ్మాలి? క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు ఇవ్వగలిగింది కాదు.

ఈ కాగితం మీద ఆ గడి మళ్ళీ గీసుకున్నాను. ఆమెకు చదివి వినిపించేలా ఈసారి తెలుగులో నింపుతున్నాను. 

స్థానికులు చెప్పింది: మొక్కలు మొన్న ట్రాక్టర్లో తెచ్చి పది చోట్ల పెట్టారు. వేళ్ళకు కవర్లు ఉన్నాయి. మిగతా కొండంతా ఎండు పుల్లలు. మా మేకల్ని మూడేళ్ళు ఊరికే ఆపారు.

చెప్పినవారు: మస్తాన్‌బీ.

దాని కింద నిపుణుడి పేరుకు చోటు ఉంది. అది ఇంకా ఖాళీగానే ఉంది.