వెయ్యాకుల సంతర్పణ

ఉప్పెన వచ్చిన ఏడు మా పెదనాన్న వెయ్యాకులు లేపాడని మా ఊళ్ళో ఈనాటికీ చెప్పుకుంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఆకులు లెక్కపెట్టిన మనిషిని నేనే.

మా వైపు సంతర్పణ ఎంత గొప్పదో వంటలను బట్టి చెప్పరు. తిన్నవాడు తన విస్తరి తానే తీసుకెళ్ళి కుప్పలో పారేస్తాడు. ఎన్ని ఎంగిలి విస్తళ్ళు లేస్తే అన్ని కడుపులు నిండినట్టు. ఉప్పెనకు సముద్రపు ఒడ్డున జాలరి పల్లెలు ఊడ్చిపెట్టుకుపోయాయి. మా ఇంటి మీద మాత్రం పెంకు కదల్లేదు. ఆ సంతోషం కొద్దీ పెదనాన్న ఆ పల్లెల వాళ్ళకు అన్నం పెడతానని కోరుకొండ స్వామికి వెయ్యాకులు మొక్కుకున్నాడు.

మొదటి రోజే అది కొట్లాట అయింది. జాలరులు బురదలో పడుతూ లేస్తూ వచ్చేసరికి చుట్టుపక్కల ఊళ్ళ దిట్టమైన మగవాళ్ళు పంక్తుల్లో కూర్చుని ఉన్నారు. తిని, ఆకు పారేసి, చెయ్యి కడుక్కుని మళ్ళీ వచ్చి కూర్చునేవాళ్ళు. ఒక ముసలి జాలరిని జుట్టు పట్టుకుని పంక్తిలోంచి ఈడ్చేశారు. ఒకడు పక్కవాడి చెవి కొరికాడు. అన్నపు గంపలో రక్తం పడితే ఆ మెతుకులు కూడా ఎత్తుకుపోయారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. గంపల దగ్గర కాపలా నాదే, చేతిలో వెదురు కర్ర. అందినవాణ్ణల్లా బాదాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, బాదుతుంటే బాగుంది.

"ఏరా, ఎన్నాకులు లేచాయి?" అని పెదనాన్న అరుగు మీద నుంచి కేకేసేవాడు. ఒక్కడే మూడుసార్లు తిన్నా ఆకులు మూడు. ఆయన ముఖం వెలిగిపోయేది. నాకు పెట్టిన కట్టడి ఒక్కటే: "ఎంగిలాకుతో వచ్చినవాణ్ణి రానివ్వకు. ఆ ఆకు ఒకసారి లెక్కలోకి వచ్చేసింది."

మూడో రోజు మధ్యాహ్నం ఒక జాలరి ఆడమనిషి ఎంగిలి విస్తరి పట్టుకుని వచ్చింది.

"తిన్నావుగా, మళ్ళీ ఏంటి?" అన్నాను.

"తినలేదండి బాబూ. కొత్తాకులు ఆళ్ళే లాగేసుకున్నారండి. కుప్పలోంచి ఏరుకొచ్చానండి. మా ఆయన మీ పశువుల పాకలో పడున్నాడండి. లెగలేడండి. నాకొద్దు, ఆడికి రెండు ముద్దలెట్టండి."

ఉప్పెన పూట ఆమె మొగుణ్ణీ తననూ వలతో తాడిచెట్టుకు కట్టేసుకుని బతికిందట. ఆ వల తాళ్ళు కోసిన గాట్లు మెడ మీద పచ్చిగానే ఉన్నాయి. నేను చూశాను. చూసి కూడా, "ఎంగిలాకు చెల్లదు, ఫో" అన్నాను.

ఆమె నా చంక కిందనుంచి దూరి గంప మీద పడింది. కన్నూమిన్నూ కానకుండా కొట్టాను. కుడి మణికట్టు మీద తగిలింది. ఎండుకట్టె విరిగిన చప్పుడైంది. ఆమె ఆ చెయ్యి వేలాడుతుండగానే ఎడమ చేత్తో అన్నం పట్టుకోబోయింది. వెనకనుంచి వచ్చినవాళ్ళు ఆమెను తొక్కుకుంటూ గంప ఖాళీ చేశారు. ఆ సాయంత్రానికి వెయ్యో ఆకు లేచింది. పెదనాన్న కొబ్బరికాయ కొట్టాడు.

మర్నాడు పొద్దున దండోరా వేయించాడు. సముద్రపు పల్లెల వాళ్ళందరికీ కడుపునిండా పెట్టామని, వెయ్యాకులు లేచాయని. డప్పు మా వాకిట్లో మోగుతుండగానే ఆమె పశువుల పాకలోంచి వచ్చింది. మొగుడు తెల్లారేలోపే పోయాడు. మా వంటపొయ్యి పొగ ఆ పాకలోకి వెళుతూనే ఉంది. అన్నం వెళ్ళలేదు.

ఆమె వాచిపోయిన చెయ్యి గుండెకు ఆనించుకుని పెదనాన్న ఎదుట నిలబడింది.

"అయ్యా, మేం తినలేదండి. ఆ లెక్కలోంచి మా ఇద్దర్నీ తీసేయించండి."

డప్పు ఆగిపోయింది. జనం మా అరుగు వంక చూశారు. పెదనాన్న నా వంక చూశాడు.

నేను కర్ర ఎత్తాను. ఆమె పక్కకు తప్పుకోలేదు, విరగని చెయ్యి అడ్డం పెట్టింది. దాని మీద కూడా కొట్టాను.