జిరాఫీ మెడ మీది ఎర్రగీత

ఆ రోజుల్లో నా మాటకు భలే విలువుండేది. ఇప్పుడు మా ఇంట్లో కుక్కరు కూడా నేను అనుకున్నన్ని విజిళ్లు వెయ్యదు గానీ, అప్పట్లో నేను ఒక్క విజిలేస్తే ఆరడుగుల మగవాళ్లు కూడా టక్కున ఆగిపోయేవారు. డిగ్రీ అయిపోయి, బ్యాంకు పరీక్షలకు చదువుతున్నానని అందరికీ చెప్పుకుంటూ ఇంట్లో కూర్చుని జంతికలు నములుతున్న కాలంలో, సికింద్రాబాద్ దాటి ఊరి చివర కొత్తగా పెట్టిన ఒక అడ్వెంచర్ పార్కులో నాకు ఉద్యోగం దొరికింది. అక్కడ లావుపాటి నాలుగు టైర్లతో, పైన బైకుకున్నట్టే హ్యాండిల్‌తో, మట్టిలోనూ గుంటల్లోనూ గెంతుకుంటూ పోయే బండ్లుండేవి. ఏటీవీలంటారు. ఆ బండ్ల గేటు దగ్గర నారింజ రంగు టీషర్టు వేసుకుని నిలబడి, ఎవరెక్కాలో ఎవరెక్కకూడదో తేల్చడం నా పని. హెల్మెట్ పెట్టుకోవాలి, కాళ్లకు బూట్లుండాలి, చీర, చున్నీ, లుంగీ పనికిరావు, ఒక బండి మీద ఒక్కరే ఎక్కాలి. ఇవి కాక, గోడ మీద ఒక జిరాఫీ బొమ్మ, దాని మెడ మీద ఒక ఎర్రగీత. తల ఆ గీతకు అందని వాళ్లకు బండి లేదు.

మా మేనేజరు గారికి నేను మనసులో పెట్టుకున్న పేరు 'జెర సార్'. ఏం చెప్పినా ఆ మాటతోనే మొదలుపెట్టేవారు. "జెర రూల్స్ గట్టిగ చెప్పమ్మా. ఎవడన్న కిందపడ్డడంటే పరేషాన్ నాకే" అనేవారు పొట్ట మీద చేయి వేసుకుని. మంచి మనిషి. ఆ పొట్ట ఆయనకంటే ఓ అడుగు ముందు నడిచేది.

రూల్స్ చెప్పడం నాకు కొత్త కాదు. నేను పెరిగిందే మెట్టుగూడలో మా మేనత్త ఇంట్లో. (నాన్నకు ఊరూరా బదిలీలు కావడంతో నన్నూ తమ్ముణ్నీ అత్తయ్య దగ్గర వదిలారు.) ఆవిడ హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యింది గానీ, ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పినట్టు లేరు. మా చర్చిలో సండే స్కూలు కూడా ఆవిడదే. ఒక ఆదివారం ఆవిడ చీరే ఇస్త్రీ చేస్తూ ఆలస్యమైపోయి పరిగెత్తుకుంటూ వెళ్తే, ఆ ఇస్త్రీ చీర కట్టుకునే ఉన్న ఆవిడ నన్ను వరండాలో నిలబెట్టింది. "రూలంటే రూలే. మేనకోడలికొకటీ ఊళ్లోవాళ్లకొకటీనా?" అంది. నాకు ఏడుపొచ్చింది. కానీ ఆవిడే ఒకసారి ఆలస్యంగా వస్తే, పిల్లలందరి ముందూ తనూ కాసేపు వరండాలో నిలబడింది. అప్పటినుంచి ఆవిడ మీద నాకు కోపం నిలవడం మానేసింది.

అలాంటి మనిషి, నేను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ భోజనాల దగ్గర ఆ బండి గురించే అడిగేది. బ్రేకు చేత్తోనా కాలితోనా, హ్యాండిల్ బరువుగా ఉంటుందా, ఆడవాళ్లు కూడా ఎక్కుతారా అని. మా చర్చి స్త్రీల సమాజం పిక్నిక్ ఈసారి ఆ పార్కుకేనని తేలిన రోజు అసలు సంగతి బయటపడింది. నా పంజాబీ డ్రెస్సొకటి అద్దం ముందు తన మీద పెట్టుకుని చూసుకుంటోంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడను చీరలో తప్ప నేను చూడలేదు.

"ఏంటత్తయ్యా ఇది?" అన్నాను.

"చీరతో ఎక్కనివ్వరని నువ్వేగా చెప్పావు. మంచి రూలే. చక్రంలో పడితే నా చీరైనా మహారాణి చీరైనా ఒకటే" అంది. నా వంక చూడకుండా, "మీ మామయ్య స్కూటరు వెనక పక్కకి తిరిగి కూర్చునే నా జీవితం గడిచిందే. నేను చూసినదంతా ఎడమవైపు రోడ్డే. ఎదురుగా ఏముందో ఆయన వీపు చెప్పాలి. ఒక్కసారి నేను నడుపుతానంటే, చీర కట్టుకుని ఏం నడుపుతావన్నారు. ఆయన పోయాక స్కూటరూ పోయింది. ఒక్కసారి హ్యాండిల్ పట్టుకోవాలనుంది" అంది. చున్నీ వద్దని చెప్పి, పిన్నులు పెట్టి డ్రెస్సు బిగించి ఇచ్చాను.

పిక్నిక్ రోజు స్త్రీల సమాజం బస్సు దిగింది. పులిహోర బకెట్లు, ముంత నిండా మజ్జిగ, ఒక డోలకు. అందరి వెనకా మా అత్తయ్య, పంజాబీ డ్రెస్సులో, మా తమ్ముడి స్కూలు బూట్లలో. గేటు దగ్గర వరస కట్టాక అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఇంట్లో ఎన్ని రూల్స్ చెప్పినా, జిరాఫీ సంగతి మాత్రం చెప్పలేదని. మా అత్తయ్య పొట్టి. మా వంశమే పొట్టి.

ఆవిడ జిరాఫీ పక్కన నిటారుగా నిలబడింది. తల గీతకు రెండు వేళ్ల కింద ఆగిపోయింది. ఆవిడ వెనకాలే సమాజంలోని ఒక సిస్టర్ గారి కూతురు నిలబడింది. ఐదో తరగతే గానీ ఎంత పొడుగంటే అందరూ 'నిచ్చెన' అనేవారు. తల గీతను దాటిపోయింది.

"ఈ పిల్లనెక్కనిస్తారు, దీనికి పాఠాలు చెప్పిన టీచర్నెక్కనివ్వరా? ఇదేం న్యాయం?" అని స్త్రీల సమాజమంతా ఒక్కసారే లేచింది. జెర సార్ పరిగెత్తుకొచ్చారు. "జెర ఆగుండమ్మా. గీత అందరికీ ఒక్కటే. గందుకే గీత పెట్టినం" అన్నారు. నేను అత్తయ్య మొహం చూడలేక నా విజిల్ వంక చూసుకున్నాను. ఆవిడ హెల్మెట్ తీసింది. "రూలంటే రూలే" అని, వెళ్లి బెంచీ మీద కూర్చుని, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుంది. చంటిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుంది. నేనింక ఆగలేకపోయాను.

"సార్, ఆ గీత ఎందుకు పెట్టారు?" అన్నాను.

"పిల్లలకు కాళ్లు అందవమ్మ. బ్రేకు సుత గట్టిగ పట్టలేరు."

"మరి అందిందో లేదో బండి మీదే చూడొచ్చుగా?"

డోలకు పట్టుకున్న ఆంటీ నన్ను పైనుంచి కిందికి చూసి, "ఏమ్మాయ్, నువ్వెళ్లి నిలబడు ఆ జిరాఫీ పక్కన" అంది. నవ్వుతూ వెళ్లి నిలబడ్డాను. ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగి చూస్తే గీత నా నడినెత్తి మీద ఉంది, ఒక వేలు పైన. కొన్ని నెలలుగా ఆ గీత పక్కనే నిలబడి జనాన్ని కొలుస్తున్నదాన్ని, ఒక్కసారి కూడా నన్ను కొలుచుకోలేదు. అంతకన్నా ఘోరం, రోజూ పొద్దున్నే ట్రాకు ఎలా ఉందో చూడ్డానికి బండేసుకుని రెండు రౌండ్లు కొట్టేది నేనే. చూసి రమ్మని పంపేది జెర సారే. ఆయన నన్ను చూశారు, గీతను చూశారు, ఆకాశాన్ని చూశారు.

"ఇగో, మీ అత్తమ్మను ఎక్కమను. ఒక్క రౌండు. ఎవ్వరికీ చెప్పకుండ్రి" అన్నారు మెల్లగా.

మేమంతా సంబరపడ్డాం. అత్తయ్య మాత్రం బెంచీ మీంచి లేవలేదు. "అలా వద్దు బాబూ. నాకోసం తప్పించిన రూలు నాకక్కర్లేదు. రూలు తప్పైతే అందరికీ దిద్దండి, అప్పుడెక్కుతాను" అంది. (తిక్కమనిషి అనిపించింది. వచ్చిన అవకాశాన్ని కాలదన్నుకోవడమేమిటని లోపల్లోపల తిట్టుకున్నాను.) జెర సార్ నెత్తి గోక్కుని, చివరికి ఆగి ఉన్న బండొకటి గేటు దగ్గరికి తెప్పించారు. కాళ్లు అందాలి, బ్రేకు గట్టిగా పట్టగలగాలి, హ్యాండిల్ రెండువైపులా పూర్తిగా తిప్పాలి. పిల్లలకు మాత్రం ఎంత పొడుగున్నా పక్క ట్రాకులో మెల్లగా తిరిగే చిన్నబండే. ఇదే ఇకనుంచి రూలని అందరి ముందూ చెప్పారు. నిచ్చెన మూతి ముడుచుకుని చిన్నబండి వైపు వెళ్లింది. అత్తయ్య ఎక్కింది. కాళ్లు అందాయి. ఇన్నేళ్లు సుద్దముక్కా బెత్తమూ పట్టిన చేతులు, బ్రేకు కిర్రుమంది. ఎలా చెయ్యాలో చూపిద్దామని ముందుగా తనే ఎక్కిన జెర సార్‌కు మాత్రం పొట్ట అడ్డొచ్చి హ్యాండిల్ ఎడమకు తిరగలేదు. "రూల్ రూలే" అనుకుంటూ ఆయనే దిగిపోయారు, పాపం.

ఇక బయల్దేరడమే అనుకుంటే, మా వాళ్లలో ప్రార్థన లేనిదే ఏ బండీ కదలదు. అత్తయ్య కళ్లు మూసుకుంది. బండి కోసం, బండి చేసినవాళ్ల కోసం, పెట్రోలు బంకు వాళ్ల కోసం, జెర సార్ ఆరోగ్యం కోసం, నాకు బ్యాంకు ఉద్యోగం రావడం కోసం ప్రార్థించింది. వెనక బండ్ల మీద కుర్రాళ్లు కూడా తల వంచుకుని "ఆమెన్" అన్నారు. ఆ తర్వాత ఆవిడ నడిచేవాడి వేగంతో వెళ్లింది. ఎవరూ లేని మట్టి ట్రాకులో మలుపు వచ్చిన ప్రతిసారీ చెయ్యి చాపి సిగ్నల్ చూపించింది. అందరూ దాటుకుపోయినా పట్టించుకోలేదు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మర్చిపోయి, ఏడుస్తూ నవ్వుతూ నిలబడ్డాను.

దిగాక మొహమంతా ఎర్రమట్టి. "ఎలా ఉందత్తయ్యా?" అంటే, నా భుజం మీద చెయ్యేసి, "కుడివైపు కూడా చూశానే" అంది.

బ్యాంకు ఉద్యోగం ఆ ప్రార్థనకు రాలేదు గానీ, ఇంకో ఆఫీసులో ఏదో ఒకటి వచ్చింది. స్కూటరూ వచ్చింది. చాలాకాలం అత్తయ్య నా వెనక రెండువైపులా కాళ్లేసుకుని దర్జాగా కూర్చునేది. ఇప్పుడు మోకాళ్లు ఒప్పుకోక మళ్లీ పక్కకే తిరిగి కూర్చుంటోంది, హెల్మెట్ పెట్టుకుని. ప్రార్థన అయ్యేదాకా బండి కదలదు, వెనక ఆటోలవాళ్లు ఎంత హారన్ కొట్టినా సరే. ఒకప్పుడు విజిలేసి లోకాన్ని ఆపిన నేను, ఇప్పుడు మెట్టుగూడ నుంచి స్టేషను దాకా ఆపకుండా అరుస్తూ పోతాను. "అత్తయ్యా, కుడివైపు బొండాల బండి పెట్టారు. కుడివైపు పెళ్లి బ్యాండు పోతోంది. కుడివైపు జామకాయలు." సిగ్నల్ దగ్గర జనం నన్ను అదోలా చూస్తారు. చూడనీ. వెనక నుంచి ఆవిడ "ఊఁ, తర్వాత?" అంటుంది.