మొదట పాడినవారి పేరు

నవంబరు 17, సోమవారం. రాజమండ్రి.

మా ఎదురింటి గార్డుగారు ఈ నెల ఆరో తేదీ, గురువారం ఉదయం తొమ్మిది గంటలకు, కాఫీ గ్లాసు చేతిలో ఉండగానే పోయారు. వాళ్ళమ్మాయి వచ్చి మా గుమ్మంలో నిలబడి చెప్పింది. నిన్న ఆదివారం సంతాప సభ జరిగింది. ఆయన జ్ఞాపకార్థం సంచిక వేస్తున్నామని, నన్ను ఒక పేజీ రాయమని మా సంఘం అధ్యక్షులు అడిగారు. ఈ అధ్యక్షులు బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. "బుధవారం లోపు ఇచ్చేయండి మేడమ్ గారూ. కాస్త గొప్పగా ఉండాలండి," అన్నారు.

నిన్నటి సభ చూసి వచ్చాక గొప్పగా రాసే ఓపిక నాకు లేదు. అసహ్యంగా ఉంది. అందులో సగం నా మీద నాకే. అయినా రాస్తున్నాను. నా చేతిరాతతో జరిగిన తప్పు నా చేతిరాతతోనే దిద్దాలి కనుక రాస్తున్నాను.

ఈ సంచిక చదివేవారిలో మా సంఘం గురించి తెలియనివారు ఉంటారు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు గార్డుగారి ముందు గదిలో ఏడెనిమిది మందిమి చేరతాము. అమెరికాలో రాక్ అండ్ రోల్ పుట్టిన తొలిరోజుల రికార్డులు వింటాము. వినేది గంట, వాదించుకునేది రెండు గంటలు. నేను ఆడపిల్లల హైస్కూలులో హెడ్ మిస్ట్రెస్‌గా చేశాను. అందుచేత మినిట్స్ పుస్తకం నాకు అప్పగించారు. ఎవరు వచ్చారు, ఏ రికార్డు పెట్టారు, ఎవరు ఎవరి మాట కాదన్నారు, అన్నీ అందులో ఉంటాయి. ఇరవై ఏడేళ్ళుగా ఒక్క సమావేశం కూడా రాయకుండా వదలలేదు. సిరాతో రాశాను. కొట్టివేతలు లేవు.

గార్డుగారు రైల్వేలో ఉద్యోగం చేసినంతకాలం గూడ్సు బండి చివరి పెట్టెలో తిరిగినవారు. రిటైరయ్యాక తనే గుడ్డ కొని రెండు జెండాలు కుట్టించుకున్నారు. పచ్చజెండా ఊపితేగాని రికార్డు మీద ముల్లు దించకూడదు. వాదన తిట్లలోకి దిగితే ఎర్రజెండా లేచేది. మొదట్లో నాకది చిన్నపిల్లల ఆటలా ఉండేది. తర్వాత తెలిసింది, పచ్చజెండా ఊపేముందు ఆయన గదిలో ఉన్న ప్రతి ముఖాన్నీ ఒకసారి చూసేవారు. అందరూ కూర్చున్నారా, ఎవరికైనా కుర్చీ చాలలేదా, అని. బండి కదిలే ముందు చూసుకున్నట్టే.

ఆయన అన్న మాట ఒకటి మా మినిట్సులో నాలుగు చోట్ల ఉంది. "బండొచ్చిందని ఇంజను చూసి ఎవరైనా చెప్తారండి. మొత్తం వచ్చిందో లేదో చెప్పాలంటే చివరి పెట్టె చూడాలి."

పాటల విషయంలోనూ ఆయన పద్ధతి అదే. తొలిరోజుల్లో నల్లవాళ్ళు పాడిన పాటల్ని తెల్లవాళ్ళు మళ్ళీ పాడి పేరు తెచ్చుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. గార్డుగారు ప్రతి రికార్డు అట్ట మీద, కుడివైపు కింది మూలలో, "మొదట పాడినవారు" అని రాసి ఎదురుగా పేరు రాసేవారు. పేరు తెలియకపోతే "తెలియదు, వెతకాలి" అని రాసేవారు. అంతా పెన్సిలుతోనే.

"సిరాతో రాయకూడదా అండీ? చెరిగిపోదూ?" అని ఒకసారి అడిగాను.

"చెరగాలనే కదండీ. రేపు ఇంకా ముందు పాడినవాళ్ళు దొరికితేనో?"

ఆ అట్టల్లో చర్చిలో పాడుకునే పాటలను ఎలక్ట్రిక్ గిటారు మీద ఎత్తుకున్న ఒక నల్లజాతి స్త్రీది ఒకటి ఉంది. ఆమెను గార్డుగారు గిటారమ్మగారు అనేవారు. ఆమె రికార్డు పెట్టేటప్పుడు చెప్పులు విప్పి కూర్చునేవారు.

బ్యాంకు ఆయనకు రాజులంటే ఇష్టం. లోకం రాజని పిలిచే ఆ తెల్ల గాయకుడు తప్ప రాక్ అండ్ రోల్‌కు ఇంకో రాజు లేడని ఆయన పట్టు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయన ఒకరున్నారు. ఆయనది పియానో వాయిస్తూ పాడిన ఇంకో గాయకుడి పక్షం, మా భాషలో పియానో పక్షం. ఒక ఆదివారం జరిగిన మాటలు మినిట్స్ నుంచి ఎత్తి రాస్తున్నాను.

"రాజంటే ఒక్కడేనండి! కాదన్నవాడికి చెవులు లేవంతే!"

"మీకు కళ్ళు లేవు. మా షాపుకొస్తే చవగ్గా చేసి పెడతాను. పియానో ఆయన లేకపోతే మీ రాజుకి పాటెక్కడిదండీ?"

"పియానో మీద ఆ గెంతులేంటండీ! అదో పాటా?"

గార్డుగారు ఎర్రజెండా ఎత్తారు. "మీ రాజుగారు ఇందాక పాడింది ముందు ఎవరు పాడారో చెప్పండి. చెప్పినవాళ్ళకే టీ," అన్నారు.

జవాబు నేనొక్కదాన్నే చెప్పాను. ఆ రోజు టీ గార్డుగారూ నేనూ మాత్రమే తాగాము.

మావారు పోయినప్పుడు మూడు ఆదివారాలు నేను గడప దాటలేదు. నాలుగో ఆదివారం గార్డుగారు మినిట్స్ పుస్తకం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. పరామర్శ మాట ఒక్కటీ అనలేదు. "మూడు వారాలుగా పాట పెట్టలేదండి. రాసేవాళ్ళు లేరు కదా," అని పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. రెండు గంటల యాభై నిమిషాలకు నేను చీర మార్చుకుని బయలుదేరాను. ఒక్క సమావేశం వదలలేదని పైన నేను గొప్పగా రాసుకున్నానే, అది నా క్రమశిక్షణ వల్ల కాదు. ఆయన బండి ఆపి ఉంచడం వల్ల.

ఇప్పుడు అసలు సంగతి రాయాలి.

ఈ సంగీతాన్ని మా వీధికి తెచ్చింది గార్డుగారు కాదు. మా వీధి చివర మిషన్ ఆసుపత్రి నర్సమ్మగారు ఒకరుండేవారు. ఆవిడ పనిచేసిన ఆసుపత్రిలోని దొరసాని డాక్టరమ్మ స్వదేశం వెళ్ళిపోతూ ఒక రికార్డు ప్లేయరూ, పెట్టెడు రికార్డులూ ఆవిడకు ఇచ్చి వెళ్ళింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, మూడు గంటలకు నర్సమ్మగారు వరండాలో ఆ పెట్టె తెరిచేవారు. ఎవరు వచ్చినా బల్ల మీద చోటుండేది. అప్పటికి పెళ్ళికాని గార్డుగారు అక్కడికి వెళ్ళి, కూర్చుని, టీ తాగి వచ్చేవారు. ఆ టీ తాగినందుకు వాళ్ళమ్మగారు ఆయన్ని పెరట్లో స్నానం చేయించి గాని లోపలికి రానిచ్చేవారు కాదు. ఆయన ప్రతి ఆదివారం టీ తాగేవారు, ప్రతి ఆదివారం స్నానం చేసేవారు.

నేను ఆ వరండా ఎక్కలేదు. నర్సమ్మగారి తల్లిదండ్రులు పొలాల్లో కూలి చేసినవారు, లూథరన్ చర్చికి వెళ్ళేవారు. వాళ్ళింట మంచినీళ్ళు పుచ్చుకునే ఇల్లు కాదు మాది. చదువుకున్నదాన్ని, సైన్సు పాఠాలు చెప్పేదాన్ని, అయినా ఎక్కలేదు. కానీ ఆ సమయానికే నాకు కూరల పని పడేది. గేటు దగ్గరికి వచ్చేసరికి నా చెప్పు సరిగా ఉండేది కాదు. వంగి సరిచేసుకునేదాన్ని. ఒక పాట పూర్తిగా వినాలంటే ఎన్నిసార్లు చెప్పు సరిచేసుకోవాలో నాకు తెలుసు. నర్సమ్మగారు వరండాలోంచి, "లోపలికి రండి టీచరుగారూ!" అని పిలిచేవారు. "పనుందండీ," అని నడిచిపోయేదాన్ని.

తర్వాత ఆవిడ రిటైరై రావులపాలెంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. వెళ్తూ ప్లేయరూ, పెట్టే గార్డుగారికి అప్పగించారు. అప్పుడు సమావేశాలు గార్డుగారి ఇంటికి మారాయి. నేను ఎక్కదగిన ఇల్లు కనుక ఎక్కాను. మొదటి రోజే మినిట్స్ పుస్తకం తెరిచి, మొదటి పేజీ మొదటి వాక్యం ఇలా రాశాను: "గార్డుగారు ఈ శ్రోతల సంఘమును స్థాపించి, ఈ సంగీతమును మన వీధికి మొట్టమొదటగా పరిచయము చేసిరి."

గార్డుగారు అది చదివి ముఖం చిన్నది చేసుకున్నారు. "ఇది తప్పండి. మీకూ తెలుసు. గేటు దగ్గర చెప్పు సరిచేసుకుంటూ విన్నారు కదా," అన్నారు. ఆయన చూశారని అప్పుడే తెలిసింది నాకు.

"సంతకాలయ్యాయండి. మినిట్సులో కొట్టివేతలు ఉండకూడదు. దిద్దాలంటే తీర్మానం పెట్టాలి," అన్నాను.

"పెట్టండి మరి."

పెట్టలేదు. పెడితే నర్సమ్మగారి గురించి చెప్పాలి, గేటు గురించి చెప్పాలి. ఏటా ఒకసారి ఆయన అడిగేవారు. ఏటా ఒక నియమం చెప్పి తప్పించుకున్నాను. అంత దూరాన గిటారమ్మగారి పేరు మరుగున పడిన అన్యాయం గురించి మూడు పేజీలు రాసిన చేయి ఇది. ఆఖరిసారి దసరా వెళ్ళాక అడిగారు. "హెడ్ మిస్ట్రెస్ గారూ, ఆ మొదటి పేజీ అలాగే ఉందండి," అన్నారు, అంతే.

ఆయన పోయిన మూడో రోజు తణుకులో ఉద్యోగం చేస్తున్న నా మనవరాలు ఫోను చేసింది. "అమ్మమ్మా, గార్డు తాతయ్యకి గిటార్ వచ్చా?"

"ఆయనకి ఈల కూడా రాదే. ఉద్యోగంలో విజిలిచ్చారు కాబట్టి సరిపోయింది. ఏం?"

"సంఘం గ్రూపులో ఫోటో పెట్టారు చూడు."

చూశాను. గార్డుగారి తల, ఎవరో కుర్రవాడి ఒళ్ళు, మెరుపుల చొక్కా, చేతిలో గిటారు. నిన్న సభలో అదే బొమ్మ గోడంత ఫ్లెక్సు మీద ఉంది. పైన "గోదావరి తీరాన రాక్ అండ్ రోల్ పితామహుడు" అని. కింద వరసగా సంఘ సభ్యుల తలకాయలు, దండాలు పెడుతూ. పోయినాయన తలకంటే బ్యాంకు ఆయన తల పెద్దది. పితామహుడంటే తాత. ముందు తండ్రెవరో, ముత్తాతెవరో చెప్పకుండా తాతను నిలబెట్టడం మనవాళ్ళకు ఎంత సులువో! పెన్సిలుతో తప్ప రాయని మనిషికి బెత్తెడేసి అక్షరాలతో బిరుదు వేశారు. దాని కింద నిలబడి సెల్ఫీలు కూడా దిగారు.

నర్సమ్మగారు రావులపాలెం నుంచి బస్సులో వచ్చారు. తెల్లచీర, చేతికర్ర. చివరి వరసలో కూర్చున్నారు. బ్యాంకు ఆయనకూ మిగతావారికీ ఆవిడ ఎవరో తెలియదు, వాళ్ళంతా తర్వాత చేరినవారు. మొదటివారిలో మిగిలి, ఆవిడను తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"బాగున్నారా అండి?" అన్నాను.

"ఆయ్, బానే ఉన్నానండి. అదేంటండీ, గిటారు తిరగేసి పెట్టేరు? తీగలు ఆయన పొట్టకేసి ఉన్నాయి."

నిజమే. ఇంతమంది అభిమానుల్లో ఒక్కరూ చూడలేదు.

వేదిక మీద సంతాపం మాట మరిచి రాజు పక్షం, పియానో పక్షం మైకు కోసం లాక్కున్నాయి. ఆపడానికి ఎర్రజెండా ఎత్తేవారు లేరు. తర్వాత బ్యాంకు ఆయన మినిట్స్ పుస్తకం తెరిచి ఆ మొదటి వాక్యం చదివారు. "స్వయంగా హెడ్ మిస్ట్రెస్ గారి చేతిరాతండి! ఇంతకంటే రుజువేం కావాలండి? ఇదే వాక్యం పాలరాతి మీద చెక్కించి ఈ హాలు గోడకి పెడుతున్నాం!" అన్నారు. హాలంతా చప్పట్లు. నర్సమ్మగారు కూడా కర్ర ఒళ్ళో పెట్టుకుని చప్పట్లు కొట్టారు.

"మీరెందుకు కొట్టారండీ?" అన్నాను.

"పోయినాయన కోసం కొట్టేనండి. మీ వాక్యానికి కాదు." కర్ర చేతిలోకి తీసుకుని, "లోపలికి రండి అని ఎన్ని ఆదివారాలు పిలిచేనో మీ పుస్తకంలో ఉందా అండి?" అన్నారు.

"లేదండి."

"నేనూ లెక్కపెట్టలేదు లెండి. మీరు పెట్టుంటారనుకున్నాను."

లేచి నిలబడి నిజం చెబుదామని కుర్చీ పట్టుకున్నాను. "ఇప్పుడు రెండు నిమిషాలు మౌనం," అన్నారు బ్యాంకు ఆయన. అందరూ లేచారు. నేనూ లేచాను, మౌనంగానే. అది ముగిసేసరికి పులిహోర పొట్లాలు వచ్చాయి. జనం అటు తిరిగారు. నర్సమ్మగారు బస్సు వేళైందని వెళ్ళిపోయారు. గార్డుగారు బతికుండగా దిద్దలేదు, ఆయన బొమ్మ ముందు కూడా దిద్దలేదు. రాత్రంతా ఆ చప్పట్లే వినిపించాయి. ఉదయమే కాగితాలు ముందు పెట్టుకున్నాను.

ఇకమీదట జరగవలసినవి:

1. పాలరాతి పని గురువారం మొదలుపెడతారట. ఆపాలి. రాయి పెట్టక తప్పదంటే రెండు వాక్యాలు చాలు. "ఈ వీధిలో ఈ పాటలు మొదట వినిపించినవారు మిషన్ ఆసుపత్రి నర్సమ్మగారు. వాటిని విని, దాచి, మాకు వినిపించినవారు గార్డుగారు."

2. గిటారు బొమ్మను గ్రూపులోంచి తీసేయాలి. ఫ్లెక్సును ఎవరి పాక మీదికైనా కప్పుకోవడానికి ఇవ్వాలి, బొమ్మ లోపలి వైపుకు తిప్పి.

3. ఈ వ్యాసం అక్షరం మార్చకుండా సంచికలో వేయాలి. వేయకపోతే జెరాక్సు తీయించి వీధిలో ఇంటింటికీ నేనే పంచుతాను.

4. వచ్చే ఆదివారం మొదటి పేజీ దిద్దడానికి తీర్మానం పెడతాను. వరండా ఎందుకు ఎక్కలేదో కూడా చదివి వినిపిస్తాను. కొత్త వాక్యం పెన్సిలుతో రాస్తాను. దొరసాని డాక్టరమ్మకు ముందు ఇంకెవరున్నారో నర్సమ్మగారిని అడగాలి కదా.

5. నర్సమ్మగారి ప్లేయరూ, రికార్డుల పెట్టే రావులపాలెం చేరాలి. గార్డుగారి అమ్మాయి ఒప్పుకుంది. నేనే తీసుకువెళ్తాను. నర్సమ్మగారు లోపలికి రమ్మంటే మొదటి పిలుపుకే మెట్లెక్కాలి. టీ ఇస్తే తాగాలి.

6. అక్కడ మొదట గిటారమ్మగారి రికార్డు పెట్టాలి. పచ్చజెండా నర్సమ్మగారి చేతికి ఇవ్వాలి. ఆవిడ గదిలో అందరి ముఖాలూ చూసుకుని ఊపేదాకా, ఎంతసేపైనా సరే, ముల్లు దించకూడదు.