చిన్న కారులో మూడు చప్పుళ్లు

1990 ఫిబ్రవరిలో ఒక బుధవారం నాడు వకీలు జనార్దన్ రావు గారి చిన్న కారు నాలుగోసారి మా కుషన్ దుకాణానికి వచ్చింది. కరీంనగర్‌లో ఆ దుకాణానికి నేను ఉస్తాదునై అప్పటికి ఏడేళ్లు. మాకు అప్పజెప్పిన పని ఒక్కటే: కారు లోపల ఎక్కడో టకటక అంటున్న చప్పుడును పట్టి ఆపాలి. గడువు ఆదివారం పొద్దుటి వరకు.

ఈ పని తెలియని వాళ్లకు మా హోదాలు చెప్పాలి. కుషన్ దుకాణంలో రెగ్జిన్ కోసే మనిషి ఉస్తాద్, కుట్టే మనిషి కారీగర్, కుట్టినదాన్ని బండికి ఎక్కించే మనిషి ఫిట్టర్. కత్తెర ఒకసారి తప్పితే గుడ్డ మళ్లీ అతకదు కాబట్టి, కత్తెర ఎవరి చేతిలో ఉంటే దుకాణంలో వాళ్ల మాటే చెల్లుతుంది. మా ఆయనకు చూపు మందగించాక కత్తెర నా చేతికి వచ్చింది. నాలుగో తరగతి దాకా చదివిన ఆడమనిషిని ఉస్తాద్ అనడానికి కొందరికి మొదట్లో నోరు రాలేదు. పని చూశాక వచ్చింది. మా ఫిట్టర్ ఖాజా భాయి నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అక్కా అనేవాడు, కానీ మొహమాటం లేకుండా ఎదురు చెప్పేవాడు.

1969లో నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు మా దగ్గరికి జీపులు, లారీలు, ఇనుప సందూకు లాంటి పెద్ద కార్లు వచ్చేవి. వాటిలో చప్పుడు చేయని భాగం ఉండేది కాదు. అన్నీ మోగితే ఏదీ వినబడదు, అందుకని ఎవరూ ఫిర్యాదు చేసేవారు కాదు. ఎనభైల నడుమ వెనుక తలుపు పైకి లేచే చిన్న కార్లు వచ్చాయి. ఇంజిను పిల్లిలా నడుస్తుంది. లోపలంతా ప్లాస్టిక్కు. ముక్కకు ముక్క క్లిప్పులతో తగిలించి ఉంటుంది. ఒక్క క్లిప్పు వదులైతే చాలు, సొంతదారుకు నిద్ర పట్టదు. అప్పటి నుంచి చప్పుళ్లు పట్టడం కూడా మా పనైంది.

వకీలు సాబ్‌కు నిజంగానే నిద్ర పట్టడం లేదు. కారు నడిపేది ఆయన కాదు, ఆయన భార్య సులోచన. ఆమె మంథని తోవలో ఒక పల్లె బడిలో టీచరు. రెండు బస్సులు మారి పోవాలి. ఒకటి తప్పితే రెండోది ఉండదు. ఆలస్యంగా పోయిన ప్రతి రోజూ హెడ్మాస్టరు రిజిస్టరులో ఎర్ర సిరాతో గీత గీసేవాడు. నలభై రెండేళ్ల వయసులో పట్టుబట్టి డ్రైవింగు నేర్చుకుని ఆమె ఆ ఎర్ర గీతల నుంచి బయటపడింది. వకీలు సాబ్ పొద్దున కోర్టు దాకా ఆమె పక్కన కూర్చునేవాడు. చప్పుడు ఆయన మోకాళ్ల ముందరి నుంచే వచ్చేది.

బుధవారం నాడు దుకాణం ముందు నిలబడి కోర్టులో చెప్పినట్టే చెప్పాడు.

"మొదలు ఒక్కటే కొట్టేది రాజవ్వా. నువ్వు బాగుచేసినంక రెండు కొట్టింది. మళ్ల బాగుచేసినవ్, ఇప్పుడు మూడు కొడుతుంది. ఇంకోసారి నువ్వు ముట్టుకుంటె నాలుగైతదా?"

నాకు మండింది. "సప్పుళ్లు లెక్కవెట్టుకుంట కూసునేటోళ్లకు మేమేం చేస్తం వకీలు సాబ్? మీ చెవులకు కూడ కుషన్ కుట్టాల్నా?" అన్నాను.

"నేను బ్రేకు తొక్కితె సాలు, ఒకటి, రెండు, మూడు అంటడు," అన్నది సులోచన. "మా ఒకటో తరగతి పిల్లలు నయం. గంట కొట్టంగనే లెక్కలు బందు చేస్తరు."

వకీలు సాబ్ నవ్వలేదు. తీర్పు చెప్పేశాడు. ఈ బండి కలిసిరాలేదట. ఆదిలాబాద్ నుంచి ఒక కలప కాంట్రాక్టరు ఆదివారం చూడడానికి వస్తున్నాడు. అప్పటికీ చప్పుడు ఉంటే బండి అమ్మేసి, పాత పెద్ద కారు కొని డ్రైవరును పెట్టుకుంటాడు. డ్రైవరు ముందు కోర్టుకే పోతాడు కాబట్టి సులోచన మళ్లీ బస్టాండుకు పోవాలి. ఆయన అటు తిరిగాక ఆమె నా దగ్గరికి వచ్చి, "రాజవ్వా, జర పట్టుకో దాన్ని," అన్నది. 

చప్పుడు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. మొదట బండిని ఖాళీ చేయాలి. డాష్‌బోర్డు గూట్లో ఉన్న కాగితాలు, తాళంచెవులు, వెనుక ఉన్న జాకీ, స్టెప్నీ టైరు, అన్నీ దించాలి. సగం చప్పుళ్లు అక్కడే దిగిపోతాయి. ఈ బండిలో దొరికినవన్నీ ఒక బుట్టలో వేసి పేరు రాసి పెట్టాను. అందులో కొండగట్టు పూజ సామాను మూట కూడా ఉంది. తరువాత చెడ్డ తోవ మీదికి తీసుకుపోవాలి. మేము మానేరు డ్యాం వైపు కంకర తోవకు పోయేవాళ్లం. ఖాజా భాయి మెల్లగా నడిపితే నేను కళ్లు మూసుకుని ఒక్కో ముక్కనూ అరచేత్తో అదిమేదాన్ని. ఎక్కడ అదిమితే చప్పుడు ఆగుతుందో అక్కడ సుద్దముక్కతో గీత. కళ్లు తెరిస్తే చెవి మోసపోతుంది. ఏది వదులుగా కనిపిస్తే చప్పుడు దానిదే అనిపిస్తుంది.

గురువారం ఆరు గీతలు పడ్డాయి. వెనుక సీటు మీది పలక, బెల్టు నాలుక, బూడిద డబ్బా, తలుపు అట్ట, ఇంకా రెండు. ఆపడానికి బజారు నుంచి ఏమీ తెప్పించలేదు. పాత గొంగడి ముక్కలను మించిన మెత్త ఎక్కడా దొరకదు. తడిసినా చెడదు, నలిగినా మళ్లీ లేస్తుంది. పలక కింద గొంగడి, బెల్టు నాలుకకు సైకిల్ ట్యూబు ఉంగరం, తలుపు అట్ట క్లిప్పులకు మైనం. సాయంత్రానికి బండి లోపల గుడిలా నిశ్శబ్దం అయింది. ఇక బ్రేకు తొక్కితే టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు ఇంకా స్పష్టంగా వినబడ్డాయి. పెద్ద చప్పుళ్లు ఆపితే చిన్నవి పెద్దవవుతాయి. ఈ పనిలో ఉన్న శాపం అదే.

శుక్రవారం చప్పుడు డాష్‌బోర్డు లోపల ఉందని తేల్చాము. దాన్ని విప్పడానికి ఖాజా భాయి ఒప్పుకోలేదు.

"క్లిప్పులు ఇరుగుతై అక్కా. హైదరాబాదు నుంచి రావాలె. ఆదివారం దాక అస్తయా?"

"ఇరుగకుంట ఇప్పు."

"చెప్పుడు అల్కగనే ఉంటది."

ఆ సాయంత్రం సులోచన బస్సు దిగి, వకీలు సాబ్ కోర్టు నుంచి నేరుగా వచ్చారు. డాష్‌బోర్డు మీద ఎవరెవరు ఏమేమి పెట్టారని అడిగాను. కొత్త బండికి కొండగట్టులో పూజ చేయించామని, చప్పుడు మొదలయ్యాక మళ్లీ ఒకసారి తీసుకుపోయామని చెప్పాడు. ముందు అద్దం కింద, తేమ ఆరడానికి గాలి వచ్చే సన్నని సందు ఒకటి ఉంటుంది. అది చూడగానే నాకు సంగతంతా తెలిసిపోయిందనుకున్నాను.

"అయితె ఇగ పరేషాన్ లేదు," అన్నాను. "పూజకు పెట్టిన పోకలు గా సందుల వడ్డయి. దేవునికి పెట్టింది దేవుని ముంగట పెట్టాలె గని, గాలి సందు ముంగట పెడుతరా? ఇంత సదువుకున్నరు, గింత తెల్వదా?"

ఖాజా భాయి కూడా నావైపు చేరాడు. సులోచన కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వకీలు సాబ్ నల్లకోటు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. వకీలును నోరు మూయించానని నేను ఆ పూట అన్నం కొంచెం ఎక్కువే తిన్నాను.

శనివారం పొద్దున విప్పడం మొదలైంది. అర్జీ పెట్టినవాడు దగ్గరుండాలని వకీలు సాబ్ కూడా స్టూలు వేసుకుని కూర్చున్నాడు. ఖాజా భాయి క్లిప్పులకు వేడినీళ్ల గుడ్డ పెట్టి, మెత్తబడ్డాక ఒక్కొక్కటీ ఊడదీశాడు. ఒక్కటే విరిగింది. లోపలి గాలి గొట్టం బయటికి తీసి నా చేతికిచ్చాడు. దాన్ని తలకిందులు చేసి పాత బట్ట మీద దులిపాను. మూడు పోకలు దొర్లాయి. పైన కొంచెం కుంకుమ అంటుకుని ఉంది.

"చూసిండ్రా?" అన్నాను.

వకీలు సాబ్ వాటిని అరచేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. తరువాత సామాను బుట్ట తెమ్మన్నాడు. కొండగట్టు మూట విప్పాడు. కుడుక, ఎండు ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, పోకలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఒక పోక తీసి గాలి సందులో పెట్టాడు. పట్టలేదు. అడ్డంగా పెట్టాడు, నిలువుగా పెట్టాడు. అది నేరేడు పండంత ఉంది, సందు దానిలో సగం లేదు. గొట్టంలో దొరికినవి బటానీల కంటే కొంచెమే పెద్దవి.

"రాజవ్వా, గీ బుడ్డ పోకలు ఏ దుకాణంల దొరుకుతయి?" అని అడిగాడు. చాలా మర్యాదగా అడిగాడు.

ఖాజా భాయికి ఉన్నట్టుండి బండి కింద ఏదో పని గుర్తొచ్చింది.

సంగతి ఇది. పని పూర్తయి బండి బయటికి పోయేటప్పుడు డాష్‌బోర్డు మీద పసుపు కుంకుమ పెట్టి, ఒక తమలపాకు మీద పోక ఉంచి పంపడం మా దుకాణంలో మా ఆయన కాలం నుంచి ఆనవాయితీ. కత్తెర నా చేతికి వచ్చాక ఆకు దండగని మానేశాను. పోకలు కూడా కిరాణా దుకాణంలో జల్లెడ కింద మిగిలిన బుడ్డవి, ఎవరూ కొననివి డబ్బా నిండా తెచ్చి పెట్టుకున్నాను. మిగతా వాళ్లు ఇంటికి పోగానే ఆ పోక తీసి దేవుని దగ్గర పెట్టుకునేవారు. సులోచనకు అంత తీరిక ఏది? మా దగ్గరి నుంచి నేరుగా బడికి పోయేది. కింద ఆకు లేదు కాబట్టి మొదటి మూలమలుపులోనే పోక దొర్లి సందులో పడేది. సీటు కవర్లు కుట్టి పంపినప్పుడు ఒకటి, మొదటిసారి చప్పుడు బాగుచేసి పంపినప్పుడు ఇంకొకటి, రెండోసారి బాగుచేసినప్పుడు మూడోది. వకీలు సాబ్ చెవులు తప్పు చెప్పలేదు. నేను ముట్టుకున్నప్పుడల్లా ఒక చప్పుడు పెరిగింది.

"మావే," అన్నాను.

"సరిగ్గ వినవడలే."

"మా పోకలే వకీలు సాబ్. తప్పు నాది."

"గింత తెల్వదా రాజవ్వా?" అన్నాడు. ముందు రోజు నేను అన్న మాటనే, నా గొంతుతోనే. తరువాత కడుపు పట్టుకుని నవ్వాడు. ఆ మనిషి నవ్వడం నేను చూసింది అదే మొదలు. బండి కింద నుంచి కూడా నవ్వు వినబడింది.

సాయంత్రానికి డాష్‌బోర్డు బిగించాము. విరిగిన క్లిప్పు చోట గొంగడి పేలిక కుట్టి పెట్టాను. కంకర తోవ మీద సులోచన కావాలనే నాలుగుసార్లు బ్రేకు తొక్కింది. వకీలు సాబ్ చెవి డాష్‌బోర్డుకు ఆనించి కూర్చున్నాడు. లెక్క పెట్టడానికి ఆయనకు ఏమీ దొరకలేదు.

ఆదివారం కాంట్రాక్టరు మా దుకాణానికే వచ్చాడు. బండిలో కూర్చుని డ్యాం దాకా పోయి వచ్చాడు. "బరాబర్ ఉన్నది వకీలు సాబ్. కొత్త బండి కూడ ఇంత సప్పుడు లేకుంట నడువది. తీసుకుంట," అన్నాడు.  చప్పుడు ఆపితే బండి ఉంటుందనుకున్నాను కానీ, ఆపినందుకే కొనేవాడికి నచ్చుతుందని ఆలోచించలేదు. వకీలు సాబ్ ముఖంలో అమ్మాలన్న ఆశ కనబడింది.

సులోచన ముందుకు వచ్చి తాళంచెవి కోసం చెయ్యి చాచింది. "సప్పుడు ఉంటె అమ్ముత అన్నరు. గీ దుకాణం ముంగట్నే అన్నరు. సప్పుడు ఉన్నదా?"

"లేదు," అన్నాడు వకీలు సాబ్.

"మరి?"

ఆయన ఖాజా భాయిని చూశాడు, నన్ను చూశాడు. ఇద్దరమూ సాక్షులమే. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, ఆదిలాబాద్ నుంచి అంత దూరం వచ్చిన మనిషికి చాయ్ చెప్పమని నాకే పురమాయించాడు. చెప్పాను. సోమవారం ఆమె బడికి కారులోనే పోయింది.

ఆ నెలలో మేము సీటు కవర్లు కుట్టిన చిన్న కార్లలో ఆరింటిని పిలిపించి గొట్టాలు దులిపాము. రెండింటిలో పోకలు దొరికాయి. వాటి సొంతదారులకు ఎందుకు పిలిచామో నేనే చెప్పాను. అది చెప్పడం అల్కటి పని కాదు.

పదేళ్ల తరువాత పని మానేసేదాకా నేను పాటించిన నియమం ఒకటుంది. బాగుచేసిన బండి మళ్లీ చప్పుడుతో వస్తే, సొంతదారును ఏమీ అడగకముందు, కిందటిసారి ఆ బండిలో మేము ఏమేమి చేశామో, ఏమేమి పెట్టామో ఖాజా భాయి, నేను ఒకరికొకరం పైకి చెప్పుకునేవాళ్లం. అందులో తప్పు దొరకకపోతేనే విప్పడం మొదలుపెట్టేవాళ్లం. చాలాసార్లు విప్పే అవసరం రాలేదు.