ఎన్నాళ్ల నుంచి?

పెద్ద డాక్టరమ్మకి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఎవరేం చెప్పినా "ఎన్నాళ్ల నుంచి?" అని అడుగుతుంది. ముప్పయ్యేళ్లు ప్రసూతి వార్డులో అడిగీ అడిగీ ఆ మాట ఆవిడ నాలుక మీద కాపురం పెట్టేసింది. ఆవిడ అసలు పేరు ఆస్పత్రిలో ఎవరికీ గుర్తులేదు. "ఎన్నాళ్లమ్మ" అంటే మాత్రం గేటు దగ్గర కాపలాదారు కూడా దారి చూపిస్తాడు.

వెనకటికి ఒకాయన ధైర్యం చేసి "మీరంటే ఇష్టం" అంటే, ఈవిడ నాడి పట్టుకుని "ఎన్నాళ్ల నుంచి?" అందట. "మంగళవారం నుంచి" అన్నాడట ఆయన. పెళ్లయిపోయింది.

స్త్రీపురుష సమానత్వం మీద జరిగే అంతర్జాతీయ సదస్సుకి, అదే వార్డులో ఆవిడ కింద పనిచేసే చిన్న డాక్టరు ఆవిడతో కలిసి బయల్దేరింది. దారి పొడవునా ఇదే వరస.

"లిఫ్టు పనిచెయ్యట్లేదండీ," అన్నాడు హోటలు గుమస్తా.

"ఎన్నాళ్ల నుంచి?"

"నిన్నట్నుంచి."

"అంతకుముందు ఏమైనా మూలిగిందా?"

"వారం రోజులు మూలిగిందండీ."

"అప్పుడే చూపించాల్సింది!"

నవ్వాపుకుంటూ చిన్న డాక్టరు తన సంచీని గుండెలకి హత్తుకుంది. అందులో నాలుగేళ్ల కష్టం ఉంది. ముప్పయ్యొక్క ఆస్పత్రులు తిరిగి రాసిన పేపరు. రాత్రింబవళ్లు డ్యూటీ చేసే ఆడ డాక్టర్లకి గడియ ఉన్న గది ఒక్కచోటా లేదు. దుప్పట్ల బీరువా చాటున ఒకరు బట్టలు మార్చుకుంటుంటే మరొకరు కాపలా. ఈ సంగతి సభలో వినిపిస్తే సాయంత్రం తీర్మానాల్లోకి ఎక్కుతుంది. లేకపోతే ఆ బీరువాయే గతి.

సభాభవనం గాజుగోడల మీంచి ఎండ పాలలా జారుతోంది. ఆ వెలుగులో నిలబడి ముగ్గురు పెద్దమనుషులు, ఆడవాళ్లకి మాట్లాడే అవకాశం ఇవ్వాలంటూ గంటన్నర మాట్లాడారు. దాంతో ఆడవాళ్ల సమయం అయిపోయింది.

అధ్యక్షుడు చిన్న డాక్టరు దగ్గరికొచ్చి వంగాడు. "టైము లేదమ్మా. నీ పేపరు వరండాలో గోడకి అంటిద్దాం. ఏమీ అనుకోకు."

"పర్వాలేదండీ."

ఆయన హాయిగా వెళ్లిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచి?" పక్క కుర్చీలోంచి వినిపించింది.

"ఏది మేడమ్?"

"ఈ పర్వాలేదు."

చిన్న డాక్టరుకి ఈసారి నవ్వు రాలేదు. "కాలేజీ నుంచి... కాదు, అంతకుముందే. బస్సులో అన్నయ్యకి కిటికీ సీటు వదిలేసినప్పట్నుంచి."

"ముదిరిపోయింది. ఇక మందులకి లొంగదు," అంది పెద్ద డాక్టరమ్మ.

చిన్న డాక్టరుకి వార్డు కళ్ల ముందు మెదిలింది. "ఏం లేదమ్మా" అంటూ వచ్చే ఆడవాళ్లు ఏళ్ల తరబడి దాచుకున్న నొప్పులన్నీ ఆ ఒక్క ప్రశ్నకే బయటపెట్టేవారు. ఈవిడ అడిగి వెళ్లిపోయే మనిషి కాదు. జవాబు వచ్చేదాకా మంచం అంచున కూర్చునేది.

ఇంతలో మైకు పిలిచింది. ప్రధాన ఉపన్యాసం, పెద్ద డాక్టరమ్మది, ఇరవై నిమిషాలు. ఆవిడ వేదికెక్కి గొంతు మీద చెయ్యి వేసుకుంది.

"గొంతు పోయింది," అంది గుసగుసగా.

"అయ్యయ్యో! ఎన్నాళ్ల నుంచండీ?" అధ్యక్షుడు కంగారులో అడిగేశాడు.

"ఇప్పట్నుంచే. నా బదులు ఆ అమ్మాయి తన పేపరు చదువుతుంది. ఇరవై నిమిషాలూ దానివే."

కాదనడానికి ఆయనకి దారి దొరకలేదు. చిన్న డాక్టరు లేచింది. సంచీలోంచి కాగితాలు తీసి వేదికెక్కింది. మొదటి వాక్యం పెదాలు దాటి రెండో వరస దగ్గరే ఆగిపోయింది.

"గట్టిగా చదవవే పిల్లా! వెనక్కి ఒక్క ముక్క వినపడట్లేదు!" హాలు దద్దరిల్లేలా అరిచింది, గొంతు పోయినావిడ.

సభంతా గొల్లున నవ్వింది. అధ్యక్షుడు గడియారం వంక చూశాడు. చిన్న డాక్టరు చూడలేదు. మైకు దగ్గరికి జరిగి మొదటి వాక్యం మళ్లీ అందుకుంది, ఈసారి వరండాలో గోడకి కూడా వినపడేలా.